చిన్ని కేసు వాయిదా పడింది

డిసెంబరులో ఒక గురువారం సాయంత్రం ఏడు గంటలకు మేం నలుగురం భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నాం. చిన్ని ల్యాప్‌టాప్ తెరిచి, పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి లోపలికి వెళ్లింది. సీటు వస్తే తెర మీద రంగు కాగితాలు ఎగురుతాయని, కాలేజీ పాట మోగుతుందని ముందే చెప్పింది. కాగితాలు ఎగరలేదు, పాట మోగలేదు. ఉత్తరం మాత్రం వచ్చింది.

"డిఫర్ చేశారు," అంది.

"అంటే రానట్టా?" అన్నారు మా ఆయన.

"రానట్టు కాదు నాన్నా."

"అయితే వచ్చినట్టా?"

"వచ్చినట్టూ కాదు."

మా నాన్న అక్టోబరులో మా దగ్గరికి న్యూజెర్సీ వచ్చారు. ఆరు నెలలు ఉండి వెళ్లాలని ఆయన అనుకున్నది. పక్క కుర్చీలోంచి నెమ్మదిగా అడిగారు. "డిఫర్ అంటే ఏమిటమ్మా?"

నాకు వెంటనే తట్టిన తెలుగుమాట ఒకటే. "వాయిదా వేశారు నాన్నా. మార్చి ఆఖరుకి."

ఆ మాట వినగానే ఆయన ముఖం విప్పారింది. గుంటూరు జిల్లాలో ఒక మునసబు కోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా పనిచేసిన మనిషి. అన్నదమ్ములిద్దరి గట్టు తగాదా ఒకటి పందొమ్మిదేళ్లు ఆయన చేతి మీదుగానే వాయిదాలు పడింది. "వాయిదాయేనా! కొట్టెయ్యలేదుగా? మరి ఆ ముఖాలు ఏమిటి అందరివీ?" అని చిన్ని వైపు తిరిగి, "అన్నం తిను తల్లీ, పేషీకి చాలా టైముంది," అన్నారు.

చిన్ని నవ్వింది. తర్వాత గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అన్నం తినలేదు.

ఇదంతా రాయడానికి కారణం ఉంది. డిసెంబరు వస్తే చాలు, ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకే ప్రశ్న తిరుగుతుంది. "డిఫర్ అయితే ఛాన్స్ ఎంత?" నేనూ అడిగాను. వచ్చిన జవాబుల్లో ఒకరు నూటికి పది అన్నారు, ఒకరు నూటికి ఒకటి అన్నారు, ఇంకొకరు వాళ్ల బావగారి అబ్బాయికి వచ్చింది కాబట్టి తప్పకుండా వస్తుందన్నారు. నేను ఒక చిన్న సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తాను. ఒకే పద్దుకు మూడు మొత్తాలు కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. ఆ రాత్రీ పట్టలేదు.

ఈ బాట కొత్తగా తొక్కేవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. అమెరికాలో కాలేజీ దరఖాస్తుకు సాధారణ గడువు జనవరి మొదట్లో ఉంటుంది, ఫలితం మార్చి చివర్లో వస్తుంది. దానికన్నా ముందే, చాలాచోట్ల నవంబరు ఒకటికల్లా, వేసేది ఎర్లీ. అందులో రెండు రకాలు. ఎర్లీ యాక్షన్‌లో కట్టుబాటు లేదు. సీటు ఇస్తే మే ఒకటి దాకా ఆలోచించుకోవచ్చు. ఎర్లీ డెసిషన్ అలా కాదు. పిల్ల, తల్లి లేదా తండ్రి, స్కూలు కౌన్సిలర్ ముగ్గురూ సంతకం పెట్టాలి. సీటు ఇస్తే ఇక్కడికే వస్తాం, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకుంటాం అని మాట ఇవ్వాలి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లది నడిమి దారి. చేరాలన్న కట్టుబాటు ఉండదు కానీ, అక్కడ ఎర్లీ వేసినవాళ్లు మరో ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఎర్లీ వేయకూడదు. చిన్ని వేసింది సంతకాల రకం. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను.

డిఫర్ చేయడమంటే దరఖాస్తును మార్చి నెలలో తేలే కుప్పలోకి నెట్టడం. ఆ నెట్టడంతో మనం ఇచ్చిన మాట కూడా రద్దవుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. మార్చిలో సీటు ఇచ్చినా చేరి తీరాలన్న కట్టుబాటు ఇక ఉండదు. వెయిట్‌లిస్ట్ వేరు. అది అన్ని సీట్లూ పంచేశాక, ఎవరైనా రాకపోతే పిలుస్తాం అనడం. డిఫర్ అయిన దరఖాస్తు ఇంకా పంక్తిలో కూర్చునే ఉంటుంది. వెయిట్‌లిస్ట్ గుమ్మం బయట నిలబడి ఉంటుంది.

పదకొండు దాటాక ఎక్సెల్ షీటు ఒకటి తెరిచాను. మొదట చూసింది కామన్ డేటా సెట్. ఇక్కడి కాలేజీల్లో చాలామటుకు ఏటా ఒకే నమూనాలో తమ అంకెలు నింపి పెట్టే పత్రం అది. ఎందరు దరఖాస్తు పెట్టారు, ఎందరిని తీసుకున్నారు, ఎర్లీ డెసిషన్‌లో ఎందరు, వెయిట్‌లిస్ట్‌లో పెట్టింది ఎందరిని, అందులోంచి పిలిచింది ఎందరిని అన్నీ ఉంటాయి. డిఫర్ అయినవాళ్లకు మాత్రం గడే లేదు. అంత పెద్ద పత్రంలో మా పిల్ల నిలబడిన చోటికి వరుస లేదు. కాలేజీ తనంతట తాను చెబితే తప్ప ఆ లెక్క బయటికి రాదు.

కొన్ని చెప్పాయి. 2023 డిసెంబరులో హార్వర్డ్‌లో ఎర్లీ వేసినవాళ్లు 7,921 మంది. సీటు ఇచ్చింది 692 మందికి. నూటికి 83 మందిని డిఫర్ చేశారు. కాదన్నది నూటికి ఎనిమిది మందినే. అదే నెలలో యేల్‌లో 7,856 మంది వేస్తే 709 మందికి ఇచ్చారు. అక్కడ డిఫర్ అయినవాళ్లు నూటికి ఇరవై, కాదనిపించుకున్నవాళ్లు నూటికి డెబ్బై. స్టాన్‌ఫర్డ్ అయితే సాధ్యమైనంతమందికి డిసెంబరులోనే అవుననో కాదనో చెప్పేస్తుంది, డిఫర్ చేసేది కొద్దిమందినే. జార్జ్‌టౌన్ పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. చాలా ఏళ్లుగా ఎర్లీలో ఎవరినీ కాదనకుండా, తీసుకోనివాళ్లందరినీ వసంతకాలానికి డిఫర్ చేస్తూ వచ్చింది. వాళ్లలో సుమారు 15 శాతం మందికి చోటు దొరుకుతుందని ఆ విశ్వవిద్యాలయమే చెబుతూ వచ్చింది.

ఈ నాలుగు వరుసలు పక్కపక్కన పెట్టుకున్నాక అర్థమైంది, నా ప్రశ్నే తప్పని. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు లేచి వెళ్తూ "ఇంటికి వెళ్లి కబురు చేస్తాం" అంటారు కదా. కొందరు నిజంగానే ఇంట్లో పెద్దలను అడగాల్సి ఉండి అంటారు. కొందరు మొహం మీద కాదనలేక అంటారు. పలికే మాట ఒక్కటే, ఆ ఇంటి అలవాటు తెలిస్తే తప్ప అర్థం తెలియదు. యేల్ డిఫర్ చేసిందంటే డెబ్బై మందిని పంపేసి ఇరవై మందిని ఆపుకుందని. హార్వర్డ్ డిఫర్ చేసిందంటే దాదాపు అందరికీ చెప్పినదే మీకూ చెప్పిందని. కాబట్టి ఎవరైనా "మా వాడికి డిఫర్ వచ్చింది" అంటే నేనిప్పుడు మొదట అడిగేది, ఆ కాలేజీ ఆ ఏడాది ఎందరిని డిఫర్ చేసిందని. ఆ అంకె దొరక్కపోతే మిగతా లెక్కలన్నీ గాలిలో మేడలే.

అయినా చేతులు ఊరుకోవు కదా. హార్వర్డ్ లెక్కే ఇంకొంచెం ముందుకు లాగాను. ఆ ఏడాది మొత్తం 54,008 మంది దరఖాస్తు పెడితే 1,937 మందికి సీట్లిచ్చారు. ఎర్లీ 692 తీసేస్తే మిగిలింది 1,245 సీట్లు. మార్చి కుప్పలో కొత్తవాళ్లు 46,087 మంది, డిఫర్ అయి వచ్చినవాళ్లు ఆరున్నర వేల పైచిలుకు. అందరినీ ఒకే త్రాసులో వేస్తే నూటికి ఇద్దరు, మహా అయితే ముగ్గురు. డిసెంబరులో నూటికి తొమ్మిది మంది దాకా ఉన్న దారి మార్చికి అలా సన్నబడింది. డిఫర్ అయినవాళ్లను వేరుగా చూస్తే ఇదే శాతం వస్తుందని కాదు, ఇది అందరి సగటు. కానీ ఒంటి గంట రాత్రి వంటింట్లో ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు సగటు కూడా ఆసరాగానే కనిపించింది.

పక్కదారే అయినా ఒక మాట. ఈ ఎర్లీ గోల వద్దని 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, వర్జీనియా విశ్వవిద్యాలయం మూడూ దాన్ని ఎత్తివేస్తున్నట్టు ప్రకటించాయి. డబ్బున్న ఇళ్ల పిల్లలకే అది లాభమని అప్పుడు చెప్పిన కారణం. మిగతా కాలేజీలు వెంట నడవలేదు. 2011 నాటికి మూడూ మళ్లీ పాత దారికే వచ్చాయి. ఒక్క ఇంటివాళ్లే కట్నం వద్దంటే ఊరి ఆచారం ఆగుతుందా?

మర్నాడు స్కూలు కౌన్సిలర్‌ను కలిసింది చిన్ని. ఆవిడ చేతి కింద రెండు వందల పైచిలుకు పిల్లలు. ఆ వారం ఆవిడ గది ముందు కుర్చీలు సరిపోలేదట. అయినా పావుగంట ఇచ్చింది, పనికొచ్చే మాటలు చెప్పింది. కాలేజీలు వాయిదా వేయడానికి కారణాలు ఒకటి కాదు. పన్నెండో తరగతి మొదటి సగం మార్కులు చూడాలని కొన్నిసార్లు, మార్చి కుప్పంతా వచ్చాక పోల్చి చూద్దామని కొన్నిసార్లు. పిల్లల ఇంట్లో అంతకుముందు ఎవరో అదే కాలేజీలో చదివారనో, ఆ స్కూలుతో సంబంధం చెడుతుందనో మర్యాద కోసం కూడా వాయిదా వేస్తారు. మనది ఏ రకమో ఉత్తరం చూసి పోల్చుకోలేం, అందరికీ వెళ్లే ఉత్తరం ఒకటే. "ఆ మధ్య రకం అనుకుని ఒక ఉత్తరం రాయి, మూడో రకం అనుకుని మిగతా దరఖాస్తులు పెట్టు," అంది ఆవిడ. అన్ని నెలల్లో నేను విన్న తెలివైన సలహా అదొక్కటే.

మిగతా దరఖాస్తుల దగ్గరే మా అసలు తప్పు బయటపడింది. ఎర్లీలో వచ్చేస్తుందన్న ధీమాతో చిన్ని రట్‌గర్స్‌కూ ఇంకో ప్రభుత్వ విశ్వవిద్యాలయానికీ మాత్రమే నవంబరులో పంపింది. మిగిలిన ఆరింటికి, చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో పేర్లు చేర్చి ఉంచింది, అంతే. ఒక్కోదానికీ రెండు మూడు వ్యాసాలు. "మా కాలేజీయే ఎందుకు?" అన్న ప్రశ్న ఆరు చోట్లా ఉంది, జవాబు ఆరు రకాలుగా ఉండాలి. మొదటి కాలేజీ కాదన్నంత పని చేసిన వారంలో కూర్చుని, నాలుగోదాని మీద ప్రేమ వొలకబోస్తూ రెండు వందల యాభై పదాలు రాయడం ఎంత కష్టమో చూశాను. క్రిస్మస్ సెలవులన్నీ అందులోనే పోయాయి. ఆ ఆరూ నవంబరులో, మనసు బాగున్నప్పుడే, రాసి పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో. ఇప్పుడు మా రెండోవాడికి ఈ మాట రోజూ చెబుతున్నాను. వాడు ఎనిమిదో తరగతి, వాడికి విసుగు.

ఇంట్లో పెద్ద గొడవ ఎర్లీ డెసిషన్ రెండో విడత గురించి. వాండర్‌బిల్ట్, ఎమరీ, టఫ్ట్స్, న్యూయార్క్ విశ్వవిద్యాలయం లాంటివి జనవరి మొదట్లో ఇంకోసారి ఆ సంతకాల దరఖాస్తు తీసుకుని ఫిబ్రవరిలో ఫలితం చెబుతాయి. మొదటిచోట డిఫర్ అయినవాళ్లు మాట రద్దయింది కాబట్టి అక్కడ వేయవచ్చు. మా ఆయన వేయాల్సిందే అన్నారు. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఫిబ్రవరిలో అక్కడ సీటు వస్తే, మార్చిలో తేలాల్సిన మొదటి దరఖాస్తును మన చేత్తో మనమే వెనక్కి తీసుకోవాలి. అంటే వాయిదా పడిన కేసు తీర్పు రాకముందే రాజీ పడటం. చిన్ని ఒప్పుకోలేదు. "మార్చి దాకా చూడకుండా వదిలేస్తే జీవితమంతా అదే తొలుస్తుంది," అంది. పదిహేడేళ్ల పిల్ల నోటి వెంట జీవితమంతా అన్న మాట వస్తే ఎదురు చెప్పడం కష్టం.

డబ్బు సంగతీ ఉంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఫీజు, గది, భోజనం కలిపి ఏడాదికి 90 వేల డాలర్లకు అటూ ఇటూ అవుతోంది. రట్‌గర్స్‌లో మా రాష్ట్రం పిల్లలకు అందులో సగమూ కాదు. సంతకం పెట్టి చేరితే నాలుగు కాలేజీల ఆర్థిక సహాయాలు పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుండదు. ఇన్ని ఉన్నా, ఆ రెండో విడత వేయకపోవడం పొరపాటేనని నా అభిప్రాయం. చిన్నిది వేరే అభిప్రాయం. ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు.

జనవరిలో ఉత్తరం పని మొదలైంది. డిఫర్ అయినవాళ్లు కాలేజీకి రాసే ఉత్తరానికి ఇక్కడ ఒక పేరే ఉంది, ఆసక్తి ఇంకా ఉందని తెలిపే లేఖ అని. దాన్ని రాసిపెట్టే కన్సల్టెంట్లు ఉన్నారని అప్పుడే తెలిసింది. ఒకాయన ఫోనులో 1,500 డాలర్లు అడిగాడు, ఒక్క పేజీకి. నేను ఒక్క నిమిషం ఊగిసలాడాను, దాచను. వాట్సాప్ గ్రూపులోనూ సలహాలకు కరువు లేదు. ఇంకో అయిదు సిఫారసు లేఖలు పంపమన్నారొకరు. వారం వారం ఈమెయిల్ పెడుతూ ఉండమన్నారు ఇంకొకరు. అలా చేస్తే ఆ ఆఫీసులో పిల్ల పేరు వినగానే తల పట్టుకుంటారు. పోర్టల్‌లో ఏం అడిగారో అది, అడిగినచోట, ఒక్కసారి పెట్టాలి. కొన్ని కాలేజీలు ఏమీ పంపవద్దని స్పష్టంగా చెబుతాయి. అప్పుడు ఏమీ పంపకూడదు. ఎంఐటీ లాంటిచోట ఫిబ్రవరిలో నింపే ఫారం ఒకటి వాళ్లే ఇస్తారు, కొత్త మార్కులూ కొత్త సంగతులూ అందులోనే రాయాలి.

చిన్ని మొదటి ముసాయిదా తాతయ్యకు తెలుగులో చదివి వినిపించింది. చిన్నప్పటి నుంచి ఆ కాలేజీ తన కల అని, పదేళ్ల వయసులో ఆ ఆవరణ చూసినప్పుడే నిర్ణయించుకున్నానని, ఇంకొక్క అవకాశం ఇస్తే నిరూపించుకుంటానని. మా నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని అడిగారు.

"ఇది నవంబరు కాగితంలో రాశావా?"

"రాశాను తాతయ్యా."

"ఆ కాగితం చదివే కదా వాయిదా వేశారు. మళ్లీ అదే చదివిస్తే జడ్జిగారు ఏం చేస్తారు? ఆ కాగితానికీ ఈ కాగితానికీ మధ్య ఏం జరిగిందో అది రాయి. వాదన నీకు ఉన్నదే. సాక్ష్యం కొత్తది కావాలి."

చిన్ని కాసేపు ఆలోచించింది. "వాగు ఉంది," అంది.

వాళ్ల స్కూలు వెనక చిన్న వాగు ఒకటి పారుతుంది. మంచు పడినప్పుడల్లా రోడ్ల మీద చల్లే ఉప్పు కరిగి అందులోకే చేరుతుంది. సెప్టెంబరు నుంచి చిన్ని ఒక చవక మీటరు పట్టుకుని ప్రతి ఆదివారం ఆ నీళ్లు కొలుస్తోంది. నవంబరు దరఖాస్తులో దాని గురించి రెండే వాక్యాలు ఉన్నాయి, ఎందుకంటే అప్పటికి మంచే పడలేదు, చూపించడానికి ఏమీ లేదు. జనవరిలో పడింది. మంచినీటి జీవాలకు దీర్ఘకాలంలో హాని లేకుండా ఉండాలంటే ఉప్పులో ఉండే క్లోరైడ్ లీటరుకు 230 మిల్లీగ్రాములు దాటకూడదని ఇక్కడి పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు. మంచు పడిన రెండో రోజు చిన్ని తెచ్చిన నీళ్లను వాళ్ల కెమిస్ట్రీ టీచరు స్కూలు ల్యాబులో పరీక్ష చేయిస్తే ఆ హద్దు దాటింది. వారానికి కిందికి దిగింది, మళ్లీ మంచుకు మళ్లీ దాటింది. ఆ గీతలన్నీ ఒక చార్టుగా వేసి మా టౌన్‌షిప్ రోడ్ల విభాగానికి పంపింది. "అందింది, ధన్యవాదాలు" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఆ ఒక్క వాక్యాన్నీ ఉత్తరంలో పెట్టింది. అలా పెట్టడం నాకు నచ్చింది, అబద్ధపు విజయం కాదు కాబట్టి.

చివరికి ఉత్తరం నాలుగు వందల పదాల లోపే తేలింది. మొదటి వాక్యంలో, సీటు ఇస్తే తప్పకుండా చేరతానని. రెండో పేరాలో మార్కులు, ఫిజిక్స్‌లో బి ప్లస్ నుంచి ఎ కి వచ్చిన సంగతి. మిగతాదంతా వాగు. బతిమాలడం ఎక్కడా లేదు. జనవరి చివరి వారంలో పోర్టల్‌లో పెట్టింది. స్కూలు నుంచి మొదటి సగం మార్కుల మిడ్-ఇయర్ రిపోర్టు ఫిబ్రవరి మొదట్లో వెళ్లింది. ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. అదే అన్నిటికన్నా కష్టం.

రట్‌గర్స్ సీటు వచ్చింది కూడా ఆ జనవరి చివర్లోనే. ఈ ముక్క రాయాలంటే నాకు సిగ్గుగా ఉంది. ఆ రోజు మేం పండగ చేసుకోలేదు. "మంచిది, ఒకటి చేతిలో ఉంది," అన్నాను నేను, గిన్నెలు సర్దుతూ. మా ఆయన ఆఫీసు నుంచి "గుడ్" అని మెసేజ్ పెట్టారు. పిల్ల మూడేళ్లు కష్టపడి చదివి ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుంటే, మార్చిలో రాబోయే ఇంకో ఉత్తరం కోసం దాన్ని పక్కన పెట్టేశాం. మా నాన్న ఒక్కరే లేచి గదిలోకి వెళ్లి, పర్సులోంచి ఇరవై డాలర్ల నోటు తెచ్చి దాని చేతిలో పెట్టారు. "కాలేజీ పిల్లవయ్యావు," అన్నారు. చిన్ని ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది. నేను సింకు వైపు తిరిగి నిలబడ్డాను.

మార్చి ఇరవైన నెవార్క్ విమానాశ్రయంలో ఆయన్ను ఎక్కించాం. టికెట్టు వారం వెనక్కి జరుపుకోమని బతిమాలాం, వినలేదు. తీర్పు రోజు గుమాస్తా కోర్టులో ఉండనక్కర్లేదట, కాగితం తర్వాత వస్తుందట. "ఏ వేళైనా ఫోన్ చెయ్యమ్మా, నేను ఎలాగూ నాలుగింటికే లేస్తాను," అని చిన్నికి చెప్పి వెళ్లారు.

మార్చి చివరి గురువారం, మళ్లీ సాయంత్రం ఏడు గంటలు. ఈసారి పాస్‌వర్డ్ మొదటిసారికే సరిగ్గా కొట్టింది. ఉత్తరం పొట్టిగా ఉంది. చదవడానికి కూడా టైము పట్టలేదు. చిన్ని ల్యాప్‌టాప్ మూసి, ఏడుస్తుందనుకుంటే, ఫోను తీసుకుంది. అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. ఒక్క రింగుకే ఎత్తారు. స్పీకర్ పెట్టింది.

"కొట్టేశారు తాతయ్యా."

అటువైపు కాసేపు ఏమీ లేదు. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఖర్చులతోనా, ఖర్చులు లేకుండానా?" అన్నారు.

చిన్నికి అర్థం కాక నా వైపు చూసింది. దావా కొట్టేసినప్పుడు ఓడినవాళ్లు ఎదుటివాళ్ల ఖర్చులు కూడా కట్టాలా వద్దా అన్నది తీర్పు చివర్లో రాస్తారని చెప్పాను. దానికి నవ్వు ఆగలేదు. నా ఎక్సెల్ షీటు ఇంకా తెరిచే ఉంది. తొమ్మిది దరఖాస్తుల ఫీజులు, కాలేజీలకు పంపిన శాట్ మార్కులు, ఆర్థిక సహాయానికి నింపిన ప్రొఫైల్ ఫారాలు, అన్నీ కలిపి అట్టడుగు వరుసలో 838 డాలర్లు. వేలితో ఆ గడి చూపించాను.

"ఖర్చులతోనే తాతయ్యా," అంది చిన్ని.